పసివాడి సాయానికి వెల కట్టకండి

సంతాన శిక్షణ అనగానే మనకు మాటలు నేర్చిన పిల్లలే గుర్తుకొస్తారు. ఏడాదిన్నర పసివాడికి ఏం తెలుస్తుందిలే అనుకుంటాం. కాని ఎదుటివారి అవసరాన్ని పిల్లలు ఆ వయసులోనే గ్రహిస్తారని శాస్త్రజ్ఞుల పరిశీలనలు చెబుతున్నాయి.

జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే పరిశోధకులు 18 నెలల పిల్లలు 24 మందిని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఒక వ్యక్తి తాడు మీద బట్టలు ఆరవేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు. చెయ్యి చాపినా అందదు. మరోసారి చేతుల నిండా పత్రికలతో వచ్చి, మూసి ఉన్న అలమార తలుపు తీయలేక నిలబడతాడు. సాయం చేయమని అడగడు, చేస్తే మెచ్చుకోడు కూడా. అయినా 22 మంది పిల్లలు కనీసం ఒక్కసారైనా సాయపడ్డారు.

అసలు విశేషం మరొకటి ఉంది. అదే క్లిప్పును ఆ వ్యక్తి కావాలని కింద పడేస్తే పిల్లలు చాలావరకు దాని జోలికి వెళ్ళలేదు. పొరపాటున జారిందా, కావాలనే పారేశాడా అన్న తేడా వారికి తెలిసిందన్నమాట!

బహుమతి చేసే చేటు

ఆ ఇద్దరే 2008లో 20 నెలల పిల్లలపై జరిపిన మరో పరిశీలన మనల్ని ఆలోచింపజేస్తుంది. సాయం చేసిన ప్రతిసారీ కొందరికి ఆటవస్తువు ఇచ్చారు. కొందరిని మాటతో మెచ్చుకున్నారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. తరువాత చూస్తే, వస్తువులు అందుకున్న పిల్లలే మిగతావారికన్నా తక్కువగా సాయపడ్డారు. మనసులో సహజంగా ఉన్న గుణం బేరంగా మారితే పలచబడుతుందన్నమాట.

అన్నీ తెలియవు

అలాగని పసివారికి అన్నీ అర్థమవుతాయనుకోవడమూ సరికాదు. హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ 1983లో ప్రకటించిన పరిశీలనలో పిల్లలకు ఒక కథ చెప్పారు. ఒక అబ్బాయి చాక్లెట్‌ను ఒక అలమారలో పెట్టి బయటికి వెళతాడు. తల్లి దాన్ని వేరే అలమారలోకి మారుస్తుంది. తిరిగొచ్చిన అబ్బాయి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు ఎక్కువగా కొత్త చోటునే చూపారు. తమకు తెలిసింది ఆ అబ్బాయికి తెలియదన్న సంగతి వారికి తట్టలేదు. నాలుగేళ్ళు దాటాకే సరైన జవాబులు పెరిగాయి. కనుక "అమ్మీ అలసిపోయిందని తెలియదా?" అని మూడేళ్ళ బిడ్డను గద్దించడం కన్నా విషయాన్ని విడమరచి చెప్పడం మేలు.

దస్తర్‌ఖాన్ పరిచే వేళ చిన్నది గ్లాసు పట్టుకొని వస్తుంది. "పగలగొడతావు, పో" అని లాక్కుంటాం. అదే పాపకు ఆరేళ్ళు వచ్చాక నీళ్ళు తెమ్మని చాక్లెట్ ఆశ చూపుతాం. గాజు గ్లాసు బదులు స్టీలు గ్లాసు చేతికిచ్చి, పక్కన నిలబడితే సరిపోతుంది కదా! పసివారు తమంతట తాము చాచిన చేతిని మనం తోసివేయకుండా ఉంటే చాలు.