ఆది తీసి చేసే కుర్చీ

మన వడ్రంగులు నడకబండిని ఎన్ని తరాలుగా చేస్తున్నారో లెక్కలేదు. మూడు చక్రాలు, పట్టుకోవడానికి ఒక అడ్డకర్ర. తప్పటడుగుల బిడ్డ గురించి అంత ఆలోచించిన ఊరు, కూర్చోలేని బిడ్డకు మాత్రం అమ్మ ఒడి చూపించి ఊరుకుంది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఎటు వెళ్లినా అంగన్‌వాడీలో మధ్యాహ్నం భోజనమంటే చాప మీద బాసింపట్లే. సెరెబ్రల్ పాల్సీ (సీపీ) ఉన్న మూడేళ్ల వాడిని ఆ వరసలో కూర్చోబెట్టి చూడండి. నడుం నిలవదు, మెడ ఓ పక్కకి వాలిపోతుంది, చూస్తుండగానే జారిపోతాడు. ‘మావోడు కూర్చోలేడండీ’ అని తల్లి ఇంటి దగ్గరే ఉంచేసుకుంటుంది. టీచరూ గట్టిగా అడగలేదు. ఆవిడా ఆయా, ఇద్దరే మనుషులు మరి.

ఇంట్లో ఏమవుతుంది? వెల్లకిలా ఒళ్లో వేసుకుని ముద్ద పెడతారు. తల వెనక్కి వాలితే పొలమారుతుంది. ముద్ద గాలిగొట్టంలోకి పోతే ఊపిరితిత్తులకు చేటు. వీపు నిలబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూస్తే మింగడం తేలికవుతుంది. పిరుదులు వెనక్కి ఆనాలి. కుర్చీలో అయితే తుంటి, మోకాలు, చీలమండ దాదాపు లంబకోణంలో ఉండాలి. పాదాలు వేలాడకూడదు. నడుం నిలిచిందా, చేతులకు తీరిక దొరుకుతుంది. అప్పటిదాకా పడిపోకుండా కాసుకోవడానికే సరిపోయిన చేతులు గిలక్కాయ వైపు సాగుతాయి.

ఇదంతా బిడ్డ ఒంటి కొలతకు కుదరాలి కాబట్టి, అలా కూర్చోబెట్టే కుర్చీని కొనడం కంటే, జాకెట్టుకు ఇచ్చినట్టు ఆది ఇచ్చి చేయించుకోవడం మేలు. పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి రెండు వేళ్లు తగ్గిస్తే సీటు లోతు. మోకాలి మడత నుంచి మడమ దాకా కొలిస్తే పాదాల పీట ఎంత కిందికి ఉండాలో తెలుస్తుంది. కాళ్లు కత్తెరలా పడే పిల్లకు తొడల మధ్య మెత్తటి దిమ్మ. కొలతలు ఫిజియోథెరపిస్టు చెప్పాలి, పని వడ్రంగి చేయాలి.

1972లో కాన్పూర్‌లో పుట్టిన ప్రభుత్వ సంస్థ అలిమ్కో సీపీ కుర్చీలు తయారుచేస్తోంది. మంచివే. కానీ ఆ చక్రాల కుర్చీ ఎత్తు మీద బిడ్డ, కింద చాప మీద తోటివాళ్లు ఉంటే వాడు పక్కవాడి పళ్లెంలోకి తొంగి చూసేదెలా? అంగన్‌వాడీకి నేలబారు మూల కుర్చీయే నయం అంటాను. రెండు పలకలు గోడమూలలా కలిపి, కాళ్లు చాపుకొనేలా చేసేది.

జింబాబ్వేలో బెవిల్ ప్యాకర్ అనే ఉపాధ్యాయుడు పాత కాగితం, అట్ట, పిండిజిగురుతో ఇలాంటివి చేసి చూపించాడు. న్యూయార్క్‌లో అట్టకుర్చీలు చేసే అలెక్స్ ట్రూస్‌డెల్‌కు 2015లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. గౌతమికీ వశిష్ఠకూ మధ్య మన లంకల తేమకు అట్ట ఎన్నాళ్లు ఆగుతుందో నాకు అనుమానమే. ప్లైవుడ్డే మేలు. మెత్తలకు కొబ్బరిపీచు ఉండనే ఉంది, గాలి ఆడుతుంది కూడా.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉచిత విద్య హక్కును ఆరేళ్ల నుంచి లెక్కపెట్టింది; అంగన్‌వాడీ వయసు అంతకు ముందే. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది 1975 అక్టోబరు 2న. దివ్యాంగ చిన్నారుల కోసం అంగన్‌వాడీలకు కేంద్రం ప్రత్యేక ప్రోటోకాల్ విడుదల చేసింది 2023 నవంబరు 28న. నలభై ఎనిమిదేళ్లు పట్టిందన్నమాట.

కుర్చీ వచ్చింది కదా అని పొద్దస్తమానం బెల్టు బిగించి ఉంచకూడదు. మధ్యమధ్య దించాలి, బోర్లా పడుకోబెట్టాలి, ఒరుసుకున్న చోట ఎర్రమచ్చ ఉందేమో చూడాలి. పిల్ల ఎదుగుతుంది కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ ఆది తీయాలి. పరికిణీ అంచున మడత పెట్టి కుట్టి, ఏడాదికోసారి విప్పే ఊరే కదా ఇది. పాదాల పీట ఉన్న కుర్చీ అయితే, ఆ పీటకు కింద రెండు చిల్లులు ఎక్కువ వేయమని వడ్రంగికి ముందే చెప్పుకుంటే చాలు.