పిల్లలకును రక్తపుపోటు

“ఇంత చిన్నపిల్లవానికి రక్తపుపోటేమిటండీ?” అని ఒక తల్లి ఆశ్చర్యముతో మమ్మడిగినది. ఆమె కుమారునికి 8 ఏండ్లు. ఏడాదిగా తలనొప్పితో బాధపడుచుండెను. చదువు భారమని కొందరనిరి. చూపు మందగించినదని కళ్లజోడు పెట్టించి, రెండుమార్లు అద్దములు మార్పించిరి. కాని, ఆ బాలుని చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటు చూచినవారు ఒక్కరును లేరు. తుదకు చూడగా దోషము కన్నులలో లేదు; మూత్రపిండమునకు రక్తమును గొనిపోవు ధమని సన్నబడియున్నది.

హృదయము నెట్టిన రక్తము ధమనుల గోడలపై కలిగించు ఒత్తిడినే రక్తపుపోటు అందుము. అది అందరికిని ఉండును. హద్దు మీరినప్పుడే వ్యాధి. ఆ హద్దు పెద్దలకును పిల్లలకును ఒకటి కాదు. పెద్దలలో పై అంకె 120 మిల్లీమీటర్లున్నచో మనము కలవరపడము. 5 ఏండ్ల బిడ్డకు అదే అంకె మిక్కిలి హెచ్చు. ఆ యీడున 103కు చేరినచో వైద్యుడు పట్టిక తెరచి చూడవలసినదే.

అమెరికా శిశువైద్యుల అకాడమీ 2017లో వెలువరించిన సూత్రముల ప్రకారము 13 ఏండ్లలోపు వారికి వయస్సు, ఎత్తు, ఆడ మగ భేదము చూచి హద్దు నిర్ణయింతురు. ఒకే యీడు, ఒకే యెత్తు గల నూరుగురు ఆరోగ్యవంతులైన బాలురను తక్కువ అంకె నుండి వరుసగా నిలిపితిమనుకొనుడు. 95వ బాలుని అంకెను గాని, దానిని మించిన అంకెను గాని మన బిడ్డ మూడు వేర్వేరు దినములలో చూపినచో అది వ్యాధి. 13 ఏండ్లు నిండినవారికి 130/80 హద్దు. ఒక్కమారు హెచ్చినంతనే భయపడరాదు; ఏడ్చుచున్న బిడ్డకును, పరుగెత్తి వచ్చిన బిడ్డకును పోటు హెచ్చును. 5 నిమిషములు నెమ్మదిగా కూర్చుండబెట్టి చూడవలెను.

పట్టీ విషయమున మరియొక జాగ్రత్త కలదు. ఇటలీ వైద్యుడు రీవా రోచీ 1896లో కల్పించిన పట్టీ సన్ననిదగుటచే అంకెను ఉన్నదానికంటె హెచ్చుగా చూపెడిది. 1901లో జర్మనీ వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ దానిని వెడల్పు చేసి సరిదిద్దెను. నేటికిని ఆ సూత్రమే. బొద్దుగా నున్న బాలునికి చిన్నపట్టీ కట్టినచో లేని వ్యాధి కనబడును. బక్కచేతికి పెద్దపట్టీ చుట్టినచో ఉన్న వ్యాధి దాగిపోవును. పట్టీలోని రబ్బరుసంచి చేతి చుట్టుకొలతలో నూటికి 80 పాళ్లయినను చుట్టవలెను.

పసివారిలో పోటు హెచ్చుటకు తరచుగా వేరొక వ్యాధి మూలము. మూత్రపిండముల జబ్బు అందు ముఖ్యమైనది. బృహద్ధమని పుట్టుకతోనే ఇరుకైనచో చేతిలో పోటు హెచ్చుగను, కాలిలో తగ్గుగను ఉండును. మన దేశపు పిల్లలలో ధమనుల వాపు వలన కలుగు తకయాసు వ్యాధియు ఒక కారణము. కౌమారమున ఇట్టి మూలము కనబడుట అరుదు. అధికమైన బరువు, వంశపారంపర్యము, ఉప్పు, ఆటలేమి కలిసివచ్చును. ఆవకాయ మానుడని మేము చెప్పుట లేదు. ప్రతి ముద్దకును ఊరగాయ, ప్రతి పూట అప్పడము, సాయంకాలము పొట్లములలో అమ్ము ఉప్పు చిరుతిండ్లు — ఈ అలవాటును తగ్గింపుడనుచున్నాము. సాయంకాలము ఒక గంట ఆటకు విడువుడు.

ఈ వ్యాధి చాలమందిలో ఏ బాధయు కలిగింపదు. కనుక కొలిచి చూచుట తప్ప వేరు మార్గము లేదు. 3 ఏండ్లు నిండిన ప్రతి బిడ్డకును ఏటేట ఒకమారు చూపింపవలెను. నెలలు నిండక పుట్టినవారికిని, మూత్రపిండముల జబ్బు, గుండెజబ్బు ఉన్నవారికిని అంతకుముందే మొదలిడవలెను.

మేము చెప్పిన బాలునికి సన్నబడిన ధమనిని విప్పారజేసిన పిదప పోటు దిగినది, తలనొప్పియు తగ్గినది. కాని, ఆ యేడాదిలోనే అతని హృదయపు గోడ దళసరి యెక్కినది. మొదటి కళ్లజోడునాడే ఎవరైన చేతికి పట్టీ చుట్టియున్నచో అంతవరకు రాకపోయెడిది. ఈమారు బిడ్డను వైద్యుని యొద్దకు గొనిపోయినపుడు, “మావానికి పోటు ఎంత యున్నదండీ?” అని మీరే యడుగుడు.