అంగీకి ఫ్యాన్ పెడితే అది అంగీనా, ఫ్యానా?

మా మల్యాల దిక్కు గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు చాలామంది. మా చిన్నాయన కూడా అక్కడ సైట్ పనిలోనే ఉన్నాడు. పోయిన ఎండాకాలం వాట్సాప్‌లో ఒక జాకెట్ ఫోటో పంపాడు. నడుము దగ్గర అటొకటి ఇటొకటి చిన్న ఫ్యాన్లు, జేబులో బ్యాటరీ. "అంగీకి ఫ్యాన్లు పెట్టిండ్రురా. ఇసొంటివి ఓ రెండొందలు తెప్పిస్తే మన దగ్గర రోడ్డు పనోళ్లు కొనరా? కస్టమ్స్ ఎంత పడ్తదో నెట్‌ల చూసి చెప్పు" అన్నాడు. కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లకి నెట్‌లో ఉన్నవన్నీ తెలుసని మా ఇంట్లో గట్టి నమ్మకం.

ఎంత పడుతుందో చెప్పాలంటే ముందు ఆ జాకెట్ కోడ్ తెలియాలి. బయటి దేశం నుంచి వచ్చే ప్రతి సరుకుకీ ఒక నంబర్ ఉంటుంది. ఈ నంబర్ల పద్ధతి పేరు హార్మొనైజ్డ్ సిస్టమ్. బ్రసెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ దీన్ని చూసుకుంటుంది, 1988 నుంచి నడుస్తోంది. మొదటి ఆరు అంకెలు అది వాడే దేశాలన్నిట్లో ఒకటే. మన కస్టమ్స్ టారిఫ్ చట్టం (1975) షెడ్యూల్‌లో ఎనిమిది అంకెలు ఉంటాయి, డ్యూటీ రేటు ఆ లైన్ పక్కనే ఉంటుంది.

చిక్కేంటంటే, ఆ షెడ్యూల్‌లో "చల్లబరిచే జాకెట్" అని ఎక్కడా లేదు. బట్టలు 61, 62 చాప్టర్లలో ఉన్నాయి. ఫ్యాన్లు 8414లో, ఏసీలు 8415లో. మన జాకెట్‌లో బట్టా ఉంది, ఫ్యానూ ఉంది.

దీన్ని తేల్చడానికి ఆరు రూల్స్ ఉన్నాయి. మనం రాసే ఇఫ్-ఎల్స్ లాగే వరుసగా చూడాలి, పైదానితో తేలిపోతే కిందికి పోకూడదు. మొదటి రూల్: హెడింగ్‌లో ఏం రాసుంది, ఆ సెక్షన్, చాప్టర్ నోట్స్ ఏం చెబుతున్నాయి. అక్కడ తేలకపోతేనే మూడో రూల్ దాకా పోతాం. అందులో ముందు ఏ హెడింగ్ ఎక్కువ కచ్చితంగా వర్ణిస్తోందో చూస్తారు. తర్వాత వస్తువు అసలు స్వభావం దేనివల్ల వస్తోందో చూస్తారు. అదీ తేలకపోతే, సమానంగా సరిపోయే హెడింగుల్లో నంబర్ ప్రకారం చివరిది తీసుకుంటారు. టై-బ్రేకర్ అన్నమాట. మన జాకెట్ అక్కడిదాకా వస్తే 62 ఓడిపోయి 8414 గెలుస్తుంది, అంగీ కాస్తా ఫ్యాన్ అయిపోతుంది!

అంత దూరం పోనివ్వని నోట్ ఒకటి 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల్లో ఉంది. బట్టల సెక్షన్‌లో 15వ నోట్. బట్టలో రసాయనాలు, యంత్ర భాగాలు, ఎలక్ట్రానిక్ భాగాలు కలిపి అదనపు పని చేయించినా, అది బట్టగా తన అసలు స్వభావం పోగొట్టుకోనంత వరకు బట్టల్లోనే ఉంటుందని దాని సారాంశం. కాబట్టి చిన్నాయన పంపిన జాకెట్ నా లెక్కలో జాకెట్టే. ఫ్యాన్లు తీసేసినా తొడుక్కోవచ్చు, జాకెట్ తీసేస్తే ఆ ఫ్యాన్లు నడుముకు నిలబడవు. కానీ స్పేర్ ఫ్యాన్లు, స్పేర్ బ్యాటరీలు వేరే డబ్బాల్లో తెప్పిస్తే ఈ నోట్ వాటికి వర్తించదు. ఫ్యాన్లు 8414కి, బ్యాటరీలు 8507కి పోతాయి.

బట్ట అని తేలాక కూడా పని అయిపోలేదు, ఏ బట్ట అన్నది ఉంది. సిరిసిల్ల మగ్గం మీద నేసినట్టు నేసిన గుడ్డ అయితే 62, బనియన్ గుడ్డలా అల్లినదైతే 61. నేసిన గుడ్డ మీద కంటికి కనబడేలా ప్లాస్టిక్ పూత ఉంటే సాధారణంగా 6210. అసలు గుడ్డే లేకుండా ప్లాస్టిక్ షీటుతో కుడితే 3926. నీళ్లలో ముంచి తొడుక్కునే రకానికైనా, జేబుల్లో జెల్ ప్యాకులు పెట్టుకునే రకానికైనా ముందు ఇవే ప్రశ్నలు. అయితే జెల్ ప్యాకులు మోసే పట్టీల్లా మాత్రమే ఉంటే అది దుస్తులేనా అని వాదన వస్తుంది. లైఫ్ జాకెట్ ఒంటి మీద వేసుకునేదే అయినా, అది దుస్తుల్లో కాదు, 6307లో ఉంది మరి.

నాకు నవ్వొచ్చిన నోట్ ఇంకొకటి. ముందు భాగంలో ఎడమ వైపుది కుడి మీదికి వచ్చి మూసుకుంటే మగవాళ్ల బట్ట, కుడిది ఎడమ మీదికి వస్తే ఆడవాళ్లది. ఎవరిదో గుర్తుపట్టలేకపోతే ఆడవాళ్ల లైన్‌లో వేయాలి. అంటే మధ్యలో జిప్ ఉండి అందరికీ పనికొచ్చే జాకెట్‌ని సైట్‌లో అందరూ మగవాళ్లే తొడుక్కున్నా, కాగితం మీద అది ఆడవాళ్ల బట్టే.

ఇదంతా అమ్మకానికి తెప్పించే సరుకు గురించి. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు బ్యాగులో తెచ్చుకునే డ్యూటీ పడే సామాను ఏదైనా 9803 కిందికి వస్తుంది, సొంత వాడకానికి పోస్ట్‌లోనో విమానంలోనో తెప్పించుకుంటే 9804. వేరేచోట ఇంకా కచ్చితమైన హెడింగ్ ఉన్నా సరే, 98వ చాప్టర్ షరతులకు సరిపోతే అదే వర్తిస్తుంది. అక్కడ జాకెట్టా ఫ్యానా అని ఎవరూ అడగరు. కానీ రెండొందల జాకెట్లు బ్యాగులో పెట్టుకుని సొంతానికే అంటే ఎవరూ నమ్మరు కూడా.

చిన్న వ్యాపారికి భయం పుట్టించేది ఏంటంటే, ఈ కోడ్ ఆఫీసర్ చెప్పడు, మనమే రాయాలి. 2011 నుంచి సెల్ఫ్ అసెస్‌మెంట్. బిల్ ఆఫ్ ఎంట్రీలో మనం వేసిన కోడ్ తప్పని తర్వాత తేలితే, తక్కువ కట్టిన డ్యూటీని వడ్డీతో సహా అడగడానికి వాళ్లకి మామూలుగా రెండేళ్ల గడువు ఉంటుంది. కావాలని దాచారని తేలితే ఐదేళ్లు, పైన జరిమానా. అప్పటికి జాకెట్లన్నీ అమ్ముడుపోయి ఉంటాయి. తేడా ఎవరి దగ్గర వసూలు చేస్తాం? అప్పు తెచ్చి రెండొందలు తెప్పించినవాడికి ఆ ఒక్క నోటీసు చాలు.

అందుకే సరుకు రాకముందే అడిగే దారి పెట్టారు. ముంబై, ఢిల్లీల్లో కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీలు ఉన్నాయి. జాకెట్ దేనితో చేశారో, ఎలా పనిచేస్తుందో రాసి అప్లై చేస్తే కోడ్ ఏంటో తేల్చి చెప్తాయి. ఆ జవాబుకి అడిగినవాళ్లూ, ఆ సరుకు చూసే కస్టమ్స్ వాళ్లూ ఇద్దరూ కట్టుబడాలి. చిన్నాయనకి ఇదే రాసి పంపా. జాకెట్ లోపలి లేబుల్ ఫోటో కూడా అడిగా, ఏ గుడ్డో దాని మీదే ఉంటుంది కదా.