ప్లాస్టిక్‌ ముక్క మీద ఓ ఊరు!

చుట్టూ ఎటు చూసినా నీళ్లే. ఆ నడిసంద్రంలో తేలుతోందో ప్లాస్టిక్‌ ముక్క. బియ్యపు గింజంత ఉంటుందేమో! దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే మాత్రం... అదో ఊరు. ఎండ సాయంతో తిండి తయారుచేసుకునేవి కొన్ని, వాటిని మేసేవి కొన్ని, ఆ మేసేవాటిని వేటాడేవి ఇంకొన్ని. అన్నీ కంటికి కనిపించని జీవులే.

ఈ ఊరికి ఓ పేరుంది... ‘ప్లాస్టిస్ఫియర్‌’. అమెరికా పరిశోధకులు ఎరిక్‌ జెట్లర్‌, ట్రేసీ మిన్సర్‌, లిండా అమరల్‌ జెట్లర్‌ 2013లో ఆ పేరు పెట్టారు. ఉత్తర అట్లాంటిక్‌లో సన్నటి వలలకు చిక్కిన ముక్కల్ని పరీక్షిస్తే వెయ్యికి పైగా బ్యాక్టీరియా రకాలు కనిపించాయి. చుట్టూ ఉన్న నీళ్లలోని జీవులు వేరు, ముక్క మీదివి వేరు! ఓ ముక్క మీదైతే దాదాపు నాలుగోవంతు విబ్రియోలే. కలరా తెచ్చే బ్యాక్టీరియాదీ ఈ కుటుంబమే. అలాగని విబ్రియోలన్నీ జబ్బులు తేవు.

నిజానికి సర్గాసో సముద్రంలో తేలే ప్లాస్టిక్‌ను నాచుజీవులు అంటిపెట్టుకుని ఉంటున్నాయని 1972లోనే శాస్త్రవేత్తలు రాశారు. చెక్కా, ఈకా కొన్నాళ్లకు కుళ్లిపోతాయి. ప్లాస్టిక్‌ అలా కాదు, ఏళ్ల తరబడి తేలుతూనే ఉంటుంది. సూక్ష్మజీవులకు ఇంతకన్నా గట్టి ఇల్లెక్కడ దొరుకుతుంది?

వాసన చూసి మోసపోయి...

చిక్కంతా ఇక్కడే ఉంది. సముద్రపు నాచును చిన్న జీవులు మేసినప్పుడు డైమిథైల్‌ సల్ఫైడ్‌ అనే వాయువు వెలువడుతుంది. కొన్ని సముద్రపక్షులకు అది ‘భోజనం తయార్‌’ అన్న పిలుపు. కాలిఫోర్నియా తీరంలో దాదాపు మూడు వారాలు నానబెట్టిన ప్లాస్టిక్‌ పూసల నుంచీ అదే వాసన వచ్చిందని 2016లో తేలింది. ఆ వాసన వెంట వెళ్లే అలవాటున్న పక్షులే ప్లాస్టిక్‌ను ఎక్కువగా మింగుతున్నాయట. నాచు పట్టిన ప్లాస్టిక్‌ వాసనకు లాగర్‌హెడ్‌ తాబేళ్లు కూడా తిండి వాసనకు స్పందించినట్టే స్పందించాయని 2020లో మరో అధ్యయనం చెప్పింది. పాపం, వాటి ముక్కు తప్పేం లేదు... తిండి వాసనే మరి!

తినేసేవీ ఉన్నాయి కానీ...

మరి ఈ జీవులే ప్లాస్టిక్‌ను తినేస్తే? ఆ ఆశా లేకపోలేదు. పసిఫిక్‌ చెత్తలో దొరికిన ‘పారెంగియోడోంటియం ఆల్బం’ అనే బూజు పాలిథీన్‌ను అరిగించుకోగలదని 2024లో నెదర్లాండ్స్‌ పరిశోధకులు ప్రకటించారు. కాకపోతే ఆ పాలిథీన్‌కు ముందు ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలాలి. పైన జీవులు పేరుకుని బరువెక్కి మునిగిపోయిన ముక్కకు ఆ ఎండ ఎక్కడిది? పోనీ ఎండ తగిలిందే అనుకుందాం. ప్రయోగశాలలో ఆ బూజు తిన్నది రోజుకు 0.05 శాతం. అంటే వంద గ్రాముల ప్లాస్టిక్‌లో రోజుకు గ్రాములో ఇరవయ్యో వంతు!

మనం క్షణంలో విసిరేసే సంచిని అరిగించుకోవడానికి దానికి ఏళ్లు పడుతుంది. ఆలోగా ఆ వాసన ఏ పక్షి ముక్కుకు తగులుతుందో!