లాటరీ తగిలిన ఇంటికి సంఘం ఎలా వెళ్లాలి?

2022 సెప్టెంబరులో కేరళ ప్రభుత్వ ఓణం బంపర్ లాటరీలో తిరువనంతపురానికి చెందిన ఒక ఆటో డ్రైవరుకు 25 కోట్ల రూపాయలు తగిలాయి. టికెట్టు ధర 500. అందులో 50 రూపాయలు తక్కువైతే బిడ్డ డిబ్బీ పగలగొట్టి తెచ్చి కొన్నాడు. దేశమంతా ఆయన ఫోటో చూసింది. వారం తిరగకముందే ఆయన మరో వీడియోలో కనిపించి, ఈ బహుమతి రాకపోయినా బాగుండేదని బాధపడ్డాడు. తెల్లవారేసరికి గుమ్మం ముందు జనం. బిడ్డకు ఒంట్లో బాగాలేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లడం కష్టమైంది. సొంత ఇల్లు వదిలి బంధువుల ఇళ్లలో తలదాచుకోవలసి వచ్చింది. ఇరుగుపొరుగువారు కూడా ముఖం మాడ్చుకున్నారు. ఇదంతా జరిగేనాటికి ఆయన చేతికి ఒక్క రూపాయి కూడా రాలేదు!

ఆయనకు రావలసింది కూడా 25 కోట్లు కాదు. ఏజెంటు కమీషను 10 శాతం, మిగిలినదాని మీద ఆదాయపు పన్ను 30 శాతం పోతే 15 కోట్ల 75 లక్షలు. దానిమీద సర్‌ఛార్జి, సెస్సు వేరే. గుమ్మం ముందు నిలబడినవారు మాత్రం 25తోనే లెక్క వేసుకుంటారు. ఇచ్చినవాడు ఎంత ఇచ్చినా తక్కువే అనిపించడానికి సగం కారణం ఇదే.

తెలుగువారిలోనూ ఇలాంటి అదృష్టం వరించినవారున్నారు. 2019లో నిజామాబాద్ జిల్లా వాసి ఒకరికి, 2022 డిసెంబరులో దుబాయిలో డ్రైవరుగా పనిచేస్తున్న జగిత్యాల జిల్లా యువకుడికి, చెరొక కోటిన్నర దిర్హాముల లాటరీ తగిలింది. మన రూపాయల్లో ముప్పై కోట్ల అటూ ఇటూ. గల్ఫ్‌లో ఉన్నవారికి అది అక్కడ కొన్న టికెట్టు. ఇక్కడినుంచి విదేశీ లాటరీకి డబ్బు పంపడం మన విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం కుదరదు. తెలంగాణలో లాటరీ టికెట్ల అమ్మకమే నిషిద్ధం. మరి నేలకొండపల్లిలో కూర్చుని ఈ సంగతి ఎందుకు రాస్తున్నామంటే, లాటరీ లేకపోయినా ఒక్కసారిగా వచ్చిపడే సొమ్ము మన జిల్లాకు కొత్త కాదు. ఖమ్మం–దేవరపల్లి రహదారికి భూములిచ్చినవారికి నష్టపరిహారం వచ్చింది. ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న తల్లికి బీమా సొమ్ము వస్తుంది. మిర్చి బాకీలతోనే బతుకు గడిచిన ఇంటికి ఒక రోజు బ్యాంకు నుంచి మెసేజీ వస్తుంది. ఆ ఇంటివారు ఆదివారం మన పక్కనే కూర్చుంటారు. అప్పుడు మనం వారితో ఎలా నడుచుకుంటున్నాం?

ముందు భద్రత మాట. డబ్బుకు కాపలా పెట్టడం తేలికే, వార్తకు కాపలా పెట్టడమే కష్టం. హిజ్కియా రాజు జబ్బునుంచి కోలుకున్నాక బబులోను నుంచి పరామర్శకు వచ్చినవారికి తన ఖజానా అంతా తిప్పి చూపించాడు. వాళ్లు నీ ఇంట్లో ఏమేమి చూశారని యెషయా ప్రవక్త అడిగిన ప్రశ్న ఈనాటి విశ్వాసులకూ వర్తిస్తుంది. మన సంఘాల్లో మేలు జరిగితే సాక్ష్యం చెప్పడం మంచి అలవాటు. కానీ ఇప్పుడు ఆరాధన యూట్యూబులో లైవ్ వెళ్తోంది. మైకు పట్టుకుని ఒక సహోదరి అంకెతో సహా చెప్పిన సాక్ష్యం సాయంత్రానికి ఎవరెవరి ఫోన్లలో ఉంటుందో ఎవరూ చెప్పలేరు. వాట్సాప్ ప్రార్థన గ్రూపులూ అంతే. "ఫలానా వారికి పెద్ద మొత్తం వచ్చింది, జ్ఞానం కోసం ప్రార్థించండి" అని పెట్టిన సందేశం ప్రార్థనకన్నా వేగంగా పరుగెత్తుతుంది. కాపరులకు మా మనవి: అంకె అడగవద్దు, చెప్పించవద్దు. దేవునికి స్తోత్రం చెప్పడానికి అంకె అవసరం లేదు.

కేరళలో ఆ ఉదంతం తరువాత కొందరు విజేతలు తమ పేరు బయటపెట్టవద్దని ప్రభుత్వాన్ని కోరారు. లాటరీ శాఖ విజేతలకు డబ్బు నిర్వహణపై శిక్షణ తరగతులు కూడా పెట్టింది. లాటరీ అమ్మే ప్రభుత్వమే గెలిచినవాడికి పాఠం చెప్పవలసి రావడం వింతగానే ఉంది, అయినా ఆ పాఠం అవసరమైనదే.

వార్త పొక్కితే ముందుగా వచ్చేది దొంగ కాదు, ఫోను. కౌన్ బనేగా కరోడ్‌పతి పేరుతో 25 లక్షలు తగిలాయని చెప్పి, ముందు పన్ను కట్టమనే వాట్సాప్ మోసం మన పల్లెల్లో చాలామందికి తెలిసిందే. నిజంగా డబ్బు వచ్చిన ఇంటికి ఇదే మోసం బ్యాంకు మేనేజరు గొంతుతోనో, పోలీసు అధికారి గొంతుతోనో వస్తుంది. ఓటీపీ చెప్పకండి. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత డబ్బు ఆపగలుగుతారు. ఇంకొక మాట, బ్యాంకు డిపాజిట్లకు బీమా ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే. మొత్తం ఒకేచోట పెట్టడం, వడ్డీ ఎక్కువ ఇస్తాడని ఊరి చీటీలవాడి దగ్గర పెట్టడం, రెండూ వద్దు.

ఇక బంధువులు. అబ్రాహాము, లోతుల మధ్య తగవు కరువులో రాలేదు, మందలు పెరిగాక వచ్చింది. మన ఇళ్లలోనూ లేమిలో ఒక కంచంలో తిన్న అన్నదమ్ములు కలిమిలో పలకరించుకోరు. అన్నయ్య కూతురి పెళ్లి, బావమరిది అప్పు, మేనత్త కంటి ఆపరేషను... ఇందులో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. అందుకే కాదనడం అంత కష్టం. మాకు తోచిన సలహా: మొదటి ఆరు నెలలు ఎవరికీ ఏమీ మాట ఇవ్వకండి. భార్యాభర్తలిద్దరూ ఒకే జవాబు చెప్పండి. భర్త కాదన్నది భార్య పుట్టింటికి వెళ్లి ఔనన్నా, భార్య కాదన్నది భర్త అరుగు మీద ఔనన్నా, తగవు అక్కడితో వీధిలోంచి పడకగదిలోకి వస్తుంది. సహాయం చేయదలిస్తే అప్పుగా కాకుండా, తిరిగి రాదనుకుని ఇవ్వగలిగినంతే ఇవ్వండి. అప్పు తీసుకున్నవాడు తీర్చలేకపోతే డబ్బుతోపాటు మనిషీ దూరమవుతాడు.

ఇచ్చేటప్పుడు చట్టం కూడా చూసుకోవాలి. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, బావమరిదికి ఇచ్చిన బహుమానం మీద పుచ్చుకున్నవారికి పన్ను లేదు. బాబాయి కొడుకు మనకు తమ్ముడే గాని ఆదాయపు పన్ను చట్టానికి కాదు! ఆయనకు, స్నేహితులకు ఏడాదిలో 50 వేలు దాటి వచ్చిన బహుమానాలు వారి ఆదాయంలో కలుస్తాయి. మేలు చేయబోయి వారికి నోటీసు తెప్పించకండి.

పంపకాల్లోకి కాపరిని లాగడం మన సంఘాల్లో మామూలు. అన్నతో ఆస్తి పంచిపెట్టమని ఒకడు అడిగితే యేసు ప్రభువు ఆ పెద్దరికం తనకొద్దన్నాడు. వెంటనే కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకోవాలనుకున్న ధనవంతుని ఉపమానం చెప్పాడు. తీర్పరిగా కూర్చున్న కాపరి మరుసటి ఆదివారం ఇద్దరిలో ఒకరికి శత్రువుగా ప్రసంగించాలి. న్యాయవాది దగ్గరకు పంపడం తప్పించుకోవడం కాదు.

ఇప్పుడు మన వంతు, అంటే సంఘం వంతు. ఇక్కడ కొంచెం కటువుగా రాయక తప్పదు. ఆదివారం లాటరీ పాపమని ప్రసంగించి, సోమవారం గెలిచినవారింటికి మందిరం స్లాబు ఎస్టిమేటుతో వెళ్లడం ఏ వేదాంతమో మాకు తెలియదు. లాటరీ కొనమని మేము ఎవరికీ చెప్పం. బీదవాడి కూలి డబ్బుతో నడిచే వ్యాపారమది. కానీ ఆ ఇంటి బిడ్డను గేలి చేసే హక్కు గాని, ఆ ఇంటి సొమ్ములో దశమభాగాన్ని బాకీలా వసూలు చేసే హక్కు గాని మనకు లేదు. అననీయతో పేతురు చెప్పింది, ఆ పొలం అమ్మకముందూ అమ్మాకా నీ చేతిలోనే ఉంది కదా అనే కదా. అతని తప్పు తక్కువ ఇవ్వడం కాదు, అబద్ధమాడడం.

దోర్నకల్ అధ్యక్ష మండలంలో అజరయ్య బిషప్ కాలం నుంచి స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టి తెచ్చేవారు. ఆ పిడికెళ్లమీద నిలబడిన సంఘాలు మనవి. ఒక్కరి కోట్లతో లేచిన మందిరంలో మిగిలినవారి పిడికెడు చిన్నబోతుంది. రేపు ఆ ఒక్కరూ అలిగితే కాపరి జీతం కూడా అలుగుతుంది. మందిర నిర్మాణం, ఖజానా లెక్క ముడిపడితే ఏమవుతుందో మా ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. కంచర్ల గోపన్న పుట్టింది నేలకొండపల్లిలోనే.

కాబట్టి అలాంటి ఇంటికి వెళ్లండి, తప్పక వెళ్లండి. ఇదివరకు నెలకొకసారి వెళ్లేవారైతే ఇప్పుడూ నెలకొకసారే. వారానికి మూడుసార్లు వెళ్తే వాళ్లకు అర్థమవుతుంది. అసలు మానేస్తే అదీ అర్థమవుతుంది. వాళ్ల పిల్లలు సండే స్కూలులో ఇదివరకటి వరుసలోనే కూర్చోవాలి.

చివరిగా ఒక పని వాయిదా వేయవద్దని ఆ కుటుంబాలకు చెప్పండి: వీలునామా. భారత వారసత్వ చట్టం 1925 ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో మూడోవంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వెళ్తాయి. వేరే విధంగా కావాలంటే రాసి ఉండాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. సాక్షిగా సంతకం చేసినవారికి గాని, వారి భార్యకు లేదా భర్తకు గాని ఆ వీలునామాలో ఏదైనా రాస్తే ఆ భాగం చెల్లదు. పల్లెల్లో సాక్షి సంతకానికి ముందు గుర్తొచ్చేది అయ్యగారే. పెన్ను తీసేముందు అయ్యగారు అడగవలసినది ఒక్కటి: ఇందులో నా పేరు గాని, అమ్మగారి పేరు గాని లేదు కదా?