‘హాయ్’ అంటే పని అయిపోతోంది... మరి ఆప్‌ల సంగతేంటి?

మీ తమ్ముడో చెల్లెలో 2025లో ఇంటర్ పరీక్షలు రాసి ఉంటే, హాల్‌టికెట్ ఎక్కడ తీసుకున్నారో ఒకసారి అడగండి. ‘వాట్సాప్‌లో వచ్చేసింది’ అనే జవాబు రావచ్చు. దానికోసం కొత్త ఆప్ వేసుకోనక్కర్లేదు, నెట్ సెంటర్ ముందు నిలబడనక్కర్లేదు.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది. 95523 00009 నంబరుకు ‘హాయ్’ అని పంపితే ఏ సేవ కావాలో అడుగుతుంది. తొలి విడతలోనే 161 సేవలు ఇచ్చారు. తర్వాత మరెన్నో చేరాయి.

ఇది చూశాక తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో ఫైనలియర్ చదివేవాళ్లకు ఒక అనుమానం రావడం సహజం. ‘ఇక ఆప్‌ల పని అయిపోయినట్టేనా? ఆండ్రాయిడ్ కోర్సుకు ఫీజు కట్టాలా, చాట్‌బాట్ కోర్సుకు కట్టాలా?’ ఆ ఫీజు అమ్మానాన్నల కష్టం, గడిచిపోయే ఏడాది మీది. కాబట్టి తొందరపడకుండా విషయం తెలుసుకోండి.

పదేళ్ల కిందటి మాటే!

యాపిల్ ఆప్ స్టోర్ 2008 జులైలో సుమారు 500 ఆప్‌లతో మొదలైంది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి, అంటే 2016లో, మన హైదరాబాద్‌లో పుట్టిన మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల రాబోయేది బాట్ల కాలమన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ తన మెసెంజర్‌లోకి బాట్లను అనుమతించింది. కానీ అప్పటి బాట్లు నేర్పిన నాలుగు మాటలే తెలుసుకునేవి. ప్రశ్న కాస్త మార్చి అడిగితే ‘అర్థం కాలేదు’ అనేవి. ఫేస్‌బుక్ ప్రయోగాత్మకంగా తెచ్చిన ‘ఎం’ అనే సహాయకుడిని 2018 జనవరిలో మూసేశారు. ఆప్‌లు మాత్రం అలాగే ఉన్నాయి.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక పరిస్థితి మారింది. మనం మామూలుగా మాట్లాడినట్టు అడిగినా యంత్రం అర్థం చేసుకుంటోంది. అయినా ఆప్‌లు పోతాయా అంటే, జవాబు మన కొండ మీదే దొరుకుతుంది.

తిరుమల చెప్పే పాఠం

టీటీడీ 2023 జనవరిలో ‘శ్రీ టీటీ దేవస్థానమ్స్’ ఆప్ తెచ్చింది. 2025లో టీటీడీ సేవలు కొన్ని ‘మన మిత్ర’లోనూ చేరాయి. ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఎందుకంటే రెండింటి పనీ వేరు.

సర్వదర్శనం టోకెన్ల పరిస్థితేంటి, గది డిపాజిట్ వెనక్కి వచ్చిందా లేదా... ఇలాంటివి ఒక్క ముక్కలో తేలిపోయే ప్రశ్నలు. వీటికి చాట్ హాయి. కానీ రూ.300 దర్శనం టికెట్లు తీసుకోవాలంటే క్యాలెండర్ చూడాలి, ఖాళీలు చూడాలి, ఇంట్లో అందరి వివరాలూ నింపాలి, డబ్బు కట్టాలి. ఆరుగురి పేర్లు, వయసులు చాట్‌లో ఒక్కొక్కటే చెప్పుకుంటూ కూర్చుంటే ఈలోపు కోటా అయిపోతుంది! అక్కడ తెర మీద అన్నీ ఒకేసారి కనబడాల్సిందే.

దీన్నుంచి ఒక లెక్క తేలుతుంది. ఏడాదికోసారి పడే పని, ఒక్క జవాబుతో ముగిసే పని చాట్‌లోకి వెళ్తాయి. రోజూ వాడేవి, చూసి ఎంచుకునేవి, నెట్ లేకపోయినా నడవాల్సినవి ఆప్‌లుగా ఉంటాయి.

బాట్ తప్పు చెబితే?

కెనడాలో ఒక ప్రయాణికుడికి ఎయిర్ కెనడా చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. బాట్ మాటలకు తమ పూచీ లేదన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రైబ్యునల్ ఆ వాదనను కొట్టేసి, ప్రయాణికుడికి పరిహారం కట్టించింది. అంటే బాట్‌ను తయారు చేస్తే సరిపోదు, అది చెప్పేది నిజమో కాదో పరీక్షించే మనుషులూ కావాలి. ఇదీ ఒక ఉద్యోగమే.

మీరేం నేర్చుకోవాలి?

ఆప్‌లో బటన్ నొక్కినా, చాట్‌లో ‘హాయ్’ అన్నా, ఆ అభ్యర్థన చివరికి చేరేది వెనకున్న సర్వర్‌కూ డేటాబేస్‌కూ. ఆప్, చాట్ రెండు తలుపులు, ఇల్లు ఒక్కటే. తలుపులు మారుతుంటాయి. ఇల్లు కట్టడం వచ్చినవాళ్లకు పని ఉంటుంది.

* పైథాన్ లేదా జావాలో ఒకటి గట్టిగా పట్టండి. ఎస్‌క్యూఎల్, ఏపీఐలు తప్పనిసరి.
* ఆ తర్వాతే ఆండ్రాయిడో, చాట్‌బాటో మీ ఇష్టం. రెండూ పైపైన కాకుండా ఒకటి లోతుగా నేర్చుకోండి.
* భాషను చిన్నచూపు చూడొద్దు. తెలుగుతో పాటు తమిళమో కన్నడమో వినబడే సరిహద్దు జిల్లాలు మనవి. కేంద్రం 2022లో తెచ్చిన ‘భాషిణి’ భారతీయ భాషల అనువాదానికి, మాటను అక్షరాల్లోకి మార్చడానికి ఉపయోగపడుతుంది. దాన్ని వాడి చూడండి.

ప్రాజెక్టు ఎక్కడో వెతకొద్దు

ఫైనలియర్ ప్రాజెక్టును కొని తెచ్చుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. చుట్టూ చూడండి. మదనపల్లె మార్కెట్‌లో టమాటా ధర ఇవాళ ఎంత? చిత్తూరు తోతాపురి మామిడిని పల్ప్ ఫ్యాక్టరీలు ఏ రేటుకు తీసుకుంటున్నాయి? రైతు మన యాసలో అడిగితే జవాబిచ్చే చిన్న బాట్ తయారు చేయండి. అదే సమాచారాన్ని నెలవారీ గ్రాఫుగా చూపే చిన్న ఆప్ కూడా కట్టండి. రెండింటికీ ఒకే డేటాబేస్ వాడండి. ఊళ్లో పదిమంది చేతికిచ్చి, ఎవరు దేన్ని వాడారో, ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి.

రేపు ఇంటర్వ్యూలో ‘చాట్‌బాటా, ఆపా?’ అని అడిగితే పుస్తకంలోది వల్లించనక్కర్లేదు. ఆ కాగితం తీసి, మీ ఊరివాళ్లు ఏం చేశారో చెప్పండి.