శత్రువు ఉత్తరాన, సైనికులు సభలో: కొరియా మార్షల్ లా – అపోహలు, వాస్తవాలు

2024 డిసెంబర్ 3 రాత్రి పదిన్నర కావస్తుండగా దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో కనిపించి, దేశంలో మార్షల్ లా విధించినట్టు ప్రకటించారు. మనకప్పటికి సాయంత్రం ఏడు. తెల్లవారేలోగా ఆ ప్రకటన రద్దయింది. నాలుగు నెలలకు ఆయన పదవి పోయింది. ఆరు నెలలకు కొత్త అధ్యక్షుడు వచ్చారు. వార్త పాతబడింది గానీ ఆ రాత్రి మీద వాదనలు పాతబడలేదు. ‘దేశభద్రత కోసం తప్పలేదు’ అనేవారు ఒకవైపు, ‘ప్రజాస్వామ్యం దానంతటదే నిలబడింది’ అని సంబరపడేవారు మరోవైపు. ఇద్దరి మాటల్లోనూ సరిచూసుకోవలసినవి ఉన్నాయి.

అపోహ 1: మార్షల్ లా అంటే మన ఎమర్జెన్సీయే.

వాస్తవం: ఈ మాట వినగానే మనవాళ్లకు 1975 గుర్తుకొస్తుంది. కానీ ఇందిరా గాంధీ ఎమర్జెన్సీని నడిపింది సైన్యం కాదు. అరెస్టులు చేసింది పోలీసులు, అందుకు చేతికందిన చట్టం మీసా, పత్రికలకు కత్తెర వేసింది సెన్సార్ అధికారులు. కొరియా తరహా అత్యవసర మార్షల్ లాలో పరిపాలన, న్యాయ వ్యవహారాల పెత్తనం సైనిక కమాండర్ చేతికి పోతుంది. యూన్ ఆ పదవిలో ఆర్మీ అధిపతి జనరల్ పార్క్ అన్ సును కూర్చోబెట్టారు. మన రాజ్యాంగంలో మార్షల్ లా ప్రస్తావన 34వ అధికరణంలో ఉంది గానీ, దాన్ని ఎవరు, ఎప్పుడు విధించవచ్చో చెప్పే అధికరణం లేదు. 352 కింద వచ్చే ఎమర్జెన్సీ వేరే సంగతి.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవలసింది పార్లమెంటు దగ్గర. 1975లో ప్రతిపక్ష నేతలు ఎందరో జైళ్లలో ఉండగా మన పార్లమెంటు ఆ ప్రకటనకు ఆమోదముద్ర వేసింది. సియోల్‌లో రెండున్నర గంటల్లో సభ దాన్ని తోసిపుచ్చింది. మనం ఆ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాం. 1978లో 44వ సవరణ వచ్చి ‘అంతర్గత కల్లోలం’ అన్న సాకును తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని రాసింది. మంత్రివర్గం లిఖితపూర్వకంగా కోరితేనే రాష్ట్రపతి ప్రకటించాలంది. లోక్‌సభ సభ్యుల్లో పదోవంతు మంది నోటీసిస్తే ప్రత్యేక సమావేశం పెట్టాలనీ, అక్కడ మామూలు మెజారిటీతో ఎమర్జెన్సీని రద్దు చేయించవచ్చనీ చెప్పింది.

అపోహ 2: పక్కనే ఉత్తర కొరియా ఉంది. అలాంటి దేశానికి మార్షల్ లా తప్పదు.

వాస్తవం: ముప్పు అబద్ధం కాదు. 1953 జూలై 27న కాల్పుల విరమణ ఒప్పందం అయింది గానీ శాంతి ఒప్పందం నేటికీ లేదు. 1950లో ఉత్తరాది సేనలు దండెత్తినప్పుడు విధించిన మార్షల్ లాను ఎవరూ తప్పుపట్టరు. మిగతావాటి చరిత్ర చూస్తేనే అసలు కథ బయటపడుతుంది.

1952లో యుద్ధం నడుస్తుండగా, తాత్కాలిక రాజధాని పుసాన్‌లో అధ్యక్షుడు సింగ్మన్ రీ మార్షల్ లా పెట్టారు. శాసనసభ్యుల ఓటుతో తాను మళ్లీ నెగ్గలేనని తెలిసి, అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకునేలా రాజ్యాంగాన్ని మార్పించుకోవడం ఆయన ఉద్దేశం. శాసనసభ్యుల్ని, వాళ్లెక్కిన బస్సుతో సహా మిలటరీ పోలీసులు లాక్కెళ్లారు. 1964లో అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ విధించింది జపాన్‌తో సంబంధాల ఒప్పందాన్ని వ్యతిరేకించిన విద్యార్థుల మీద. 1972 అక్టోబర్‌లో ఆయనే మళ్లీ విధించి శాసనసభను రద్దు చేశారు. అప్పటికి మూడు నెలల క్రితమే, జూలై 4న, ఉత్తర దక్షిణాలు సంయుక్త ప్రకటన చేసి చర్చలు మొదలుపెట్టాయి. యుద్ధభయం పెరిగినప్పుడు కాదు, రెండు కొరియాలు మాట్లాడుకుంటున్నప్పుడు వచ్చిన మార్షల్ లా అది. 1979లో కుట్ర చేసిన జనరల్ చున్ డూ హ్వాన్ బృందం 1980 మే 17న మార్షల్ లాను దేశమంతటికీ విస్తరించింది. ఆ తర్వాతి రోజుల్లో గ్వాంగ్జూ నగరంలో సైన్యం కాల్చింది ఉత్తరాది సైనికుల్ని కాదు, సొంత పౌరుల్ని.

కొరియాలో విభజనలు రెండున్నాయి. ఒకటి భూమి మీద గీసిన గీత. రెండోది సమాజంలోని అభిప్రాయభేదం. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని నోరెత్తకుండా చేయడానికే మార్షల్ లాను ఎక్కువసార్లు వాడారు. వీధిలో దొంగ తిరుగుతున్నాడని చెప్పి ఇంట్లోవాళ్లను గదిలో పెట్టి తాళం వేయడం లాంటిది ఇది. 2024లో యూన్ ప్రసంగంలోనూ ‘ఉత్తర కొరియా కమ్యూనిస్టు శక్తులు’ వినిపించాయి. కానీ ఆయన ఏకరువు పెట్టిన ఫిర్యాదులు మాత్రం ప్రతిపక్షం పెట్టిన అభిశంసనలు, బడ్జెట్ కోతల గురించి. సైనికులు కదిలింది సరిహద్దుకు కాదు, శాసనసభకు, ఎన్నికల సంఘానికి.

అపోహ 3: జనం ఓటేసి ఒప్పుకుంటే, అధికారం ఎలా వచ్చినా చెల్లుతుంది.

వాస్తవం: 1972 నవంబర్‌లో పార్క్ తన ‘యూషిన్’ రాజ్యాంగాన్ని ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టారు. 91 శాతానికి పైగా ‘సరే’ అన్నారు. ఆ ఓటింగ్ జరిగింది మార్షల్ లా నీడలో. సభ లేదు, పార్టీలు పనిచేయకూడదు, ‘వద్దు’ అని ప్రచారం చేసే వీలు లేదు. ‘కాదు’ అనే హక్కు లేని చోట ‘అవును’కు విలువ ఎంత? ఆ రాజ్యాంగం ఏడేళ్లకే, 1979లో పార్క్‌ను ఆయన గూఢచారి సంస్థ అధిపతే కాల్చి చంపడంతో పునాది కోల్పోయింది.

దీనికి తోడుగా మరో మాట చలామణీలో ఉండేది: ‘నెగ్గిన కుట్రను శిక్షించలేం’. 1995లో కొరియా ప్రాసిక్యూటర్లు ఇదే వాదనతో చున్ మీద కేసు పెట్టడానికి నిరాకరించారు. జనం మండిపడ్డారు, ఆ ఏడాది చివర్లో ప్రత్యేక చట్టం వచ్చింది. 1996లో కింది కోర్టు చున్‌కు మరణశిక్ష వేసింది. అప్పీలులో అది యావజ్జీవంగా మారింది, 1997 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ డిసెంబర్‌లో క్షమాభిక్ష దొరికింది నిజమే. అయినా, నెగ్గినంత మాత్రాన కుట్ర చట్టం కాబోదన్న తీర్పు మిగిలింది.

అపోహ 4: ఎన్నికైన అధ్యక్షుడు రాజ్యాంగం ఇచ్చిన అధికారాన్నే వాడుకున్నారు. అందులో తప్పేముంది?

వాస్తవం: అధికారం ఇచ్చిన 77వ అధికరణమే దానికి షరతులూ పెట్టింది. యుద్ధమో, సాయుధ ఘర్షణో, దానికి సాటివచ్చే జాతీయ అత్యవసర పరిస్థితో ఉండాలి. విధించిన వెంటనే జాతీయ శాసనసభకు తెలియజేయాలి. మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఎత్తేయమంటే అధ్యక్షుడు ఎత్తేసి తీరాలి. మార్షల్ లా కింద వారెంట్లు, పత్రికా స్వేచ్ఛ, సభా స్వేచ్ఛ, ప్రభుత్వం, న్యాయస్థానాల అధికారాల విషయంలో ప్రత్యేక చర్యలు తీసుకోవచ్చని ఆ అధికరణం చెబుతుంది. ఆ జాబితాలో శాసనసభ లేదు. కావాలనే లేదు. మార్షల్ లాను ఆపవలసింది సభే కాబట్టి, సభను ఆపే అధికారం ఎవరికీ ఇవ్వలేదు.

ఆ రాత్రి 11 గంటల నుంచి అమల్లోకి వచ్చిన ఉత్తర్వు నెం. 1 మొదటి అంశమే శాసనసభ, స్థానిక సభలు, పార్టీల కార్యకలాపాలతో పాటు రాజకీయ కార్యకలాపాలన్నిటినీ నిషేధించింది. పత్రికలు, ఛానెళ్లు సైనిక కమాండ్ అదుపులోకి రావాలంది. సమ్మెలో ఉన్న జూనియర్ డాక్టర్లు 48 గంటల్లో విధుల్లో చేరకపోతే శిక్ష తప్పదంది. ప్రక్రియ కూడా సరిగా సాగలేదు. ప్రధానికి, మంత్రులకు ప్రకటనకు కాస్త ముందు క్లుప్తంగా చెప్పారే తప్ప వివరాలివ్వలేదు, అభిప్రాయం అడగలేదు. వాళ్ల సంతకాలు లేవు. సభకు సమాచారం వెళ్లలేదు. రాజ్యాంగ న్యాయస్థానం ఇవన్నీ ఎత్తిచూపి, 2025 ఏప్రిల్ 4న యూన్‌ను పదవి నుంచి తొలగించింది. ఎనిమిది మంది న్యాయమూర్తులదీ ఒకే మాట. అందులో యూన్ స్వయంగా ఎంపిక చేసిన న్యాయమూర్తీ ఉన్నారు.

అపోహ 5: ఆరు గంటల్లో ముగిసింది, ఒక్క ప్రాణం పోలేదు. అది ఉత్త హెచ్చరిక మాత్రమే.

వాస్తవం: ఇది యూన్ సొంత వాదన. ఆ ఆరు గంటల్లో జరిగింది చూడండి. పోలీసులు శాసనసభ గేట్లు మూశారు. ప్రత్యేక దళాలు హెలికాప్టర్లలో ఆవరణలో దిగి, కిటికీలు పగలగొట్టి భవనంలోకి చొరబడ్డాయి. లోపల సిబ్బంది బల్లలు, కుర్చీలు అడ్డంపెట్టి, అగ్నిమాపక పరికరాలతో వాళ్లను నిలువరించారు. 67 ఏళ్ల స్పీకర్ వూ వన్ షిక్ గోడ దూకి లోపలికి వెళ్లారు. ప్రతిపక్ష నేత లీ జే మ్యుంగ్ గోడ ఎక్కుతూ ఫోన్లో లైవ్ ఇచ్చారు. సైనికులు తలుపుల దాకా వచ్చినా స్పీకర్ తొందరపడి నియమాలు దాటలేదు. రేపు ఎవరూ చెల్లదనకూడదని తీర్మానం పద్ధతి ప్రకారం సభ ముందుకొచ్చేదాకా ఆగారు. ఒంటిగంటకు ఓటింగ్ జరిగింది. హాజరైన 190 మందీ ఎత్తేయాలనే ఓటేశారు. వారిలో 18 మంది అధికార పార్టీవాళ్లు.

తలుపులు పగలగొట్టి సభ్యులను బయటికి లాగేయమని అధ్యక్షుడే ఆదేశించారని రాజ్యాంగ న్యాయస్థానం నిర్ధారించింది. త్వరగా ముగియడం ఆయన సంయమనం వల్ల కాదు. పౌరులు అడ్డుపడ్డారు, సైనికులు, పోలీసులు ఆదేశాలను మనస్ఫూర్తిగా అమలు చేయలేదు. సభ త్వరగా తీర్మానించగలిగింది అందువల్లేనని కోర్టు రాసింది. ప్రజలకు హెచ్చరిక చేయడం మార్షల్ లా ప్రయోజనాల్లోనే లేదనీ తేల్చింది. అర్ధరాత్రి జనం అంత వేగంగా కదలడానికి గ్వాంగ్జూ జ్ఞాపకం ఒక కారణం. 1979 నాటి చున్ కుట్ర మీద 2023లో వచ్చిన సినిమాను కోటి మందికి పైగా చూశారు. మార్షల్ లా కింద ఒక్కరోజైనా బతకని యువతకు కూడా అది ఎలా మొదలవుతుందో తెలుసు.

అపోహ 6: ఎన్నికల్లో మోసం జరిగింది, దాన్ని బయటపెట్టడానికే సైన్యం వెళ్లింది.

వాస్తవం: అనుమానం ఉంటే కోర్టులున్నాయి. ఎన్నికల సంఘం కంప్యూటర్ వ్యవస్థలో లోపాలు కొన్ని బయటపడిన మాట నిజం. వాటిలో చాలావాటిని 2024 ఏప్రిల్ ఎన్నికలకు ముందే సరిదిద్దినట్టు సంఘం ప్రకటించింది. బ్యాలెట్ పెట్టెలు దాచిన చోట సీసీ కెమెరా దృశ్యాలను రాత్రింబవళ్లు జనానికి చూపించారు. కాగితపు ఓట్లను చేత్తో సరిచూసే పద్ధతి కూడా తెచ్చారు. ఎన్నికల సంఘం స్వతంత్ర రాజ్యాంగ సంస్థ. వారెంటు లేకుండా సైనికులు అక్కడ సోదాకు దిగడం రాజ్యాంగ ఉల్లంఘన అని రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది.

అపోహ 7: ప్రతిపక్షం పాలనను స్తంభింపజేసింది. అధ్యక్షుడికి ఇంకో దారి లేదు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది బలమైన అపోహ. 2022లో యూన్ గెలిచింది 0.73 శాతం తేడాతో. 2024 ఏప్రిల్‌లో 300 స్థానాల సభలో ఆయన పార్టీకి దక్కినవి 108. ప్రతిపక్షం వరసబెట్టి అధికారుల మీద అభిశంసన తీర్మానాలు తెచ్చింది. మార్షల్ లా నాటికి అవి 22. బడ్జెట్లో కోతలూ పెట్టింది. సభ సైతం మైనారిటీ అభిప్రాయాన్ని మన్నించి, ఓర్పుతో, సర్దుబాటుతో నడుచుకోవలసిందని కోర్టు తప్పుపట్టింది.

దారులు మాత్రం మూసుకుపోలేదు. బిల్లును తిప్పి పంపవచ్చు. రాజ్యాంగ సవరణ ప్రతిపాదించవచ్చు. దేశభద్రతకు సంబంధించిన కీలక విషయాన్ని ప్రజాభిప్రాయానికి పెట్టవచ్చు. సభకు ఎన్నికలు వచ్చేలోగా జనాన్ని ఒప్పించుకోవడానికి దాదాపు రెండేళ్ల సమయం దొరికిందనీ, ఫలితం తనకు నచ్చనంత మాత్రాన ప్రతిపక్షాన్ని ఎన్నుకున్నవారి మాటను తోసిపుచ్చకూడదనీ కోర్టు గుర్తుచేసింది. అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నదీ, ఆయన్ని అడ్డుకునే సభను ఎన్నుకున్నదీ ఒకే ప్రజలు. రెండు తీర్పులూ చెల్లుతాయి. 1987 ప్రజాఉద్యమం తర్వాత రాసుకున్న రాజ్యాంగంలో సభను రద్దు చేసే అధికారాన్ని అధ్యక్షుడికి లేకుండా చేసింది ఇందుకే. పాలన కష్టమవడం రాజకీయ సమస్య, అది యుద్ధంతో సమానం కాదు.

అపోహ 8: దేశమంతా ఒక్కటై నిలిచింది, వ్యవస్థలు వాటంతటవే పనిచేశాయి.

వాస్తవం: డిసెంబర్ 7న యూన్ మీద తెచ్చిన తొలి అభిశంసన తీర్మానం, అధికార పార్టీ సభ్యుల్లో అత్యధికులు బయటికి నడవడంతో వీగిపోయింది. 200 ఓట్లు కావాలి, ఓటేసినవారే 195 మంది. వారం తర్వాత 204 ఓట్లతో నెగ్గింది. జనవరి 3న అరెస్టుకు వెళ్లిన అధికారులను అధ్యక్షుడి భద్రతా దళం వెనక్కి పంపింది. 15న గానీ ఆయన్ను అదుపులోకి తీసుకోలేకపోయారు. 19న ఆయన మద్దతుదారులు సియోల్‌లో ఒక కోర్టు భవనంలోకి దూరి విధ్వంసం చేశారు. జూన్ 3 అధ్యక్ష ఎన్నికల్లో లీ జే మ్యుంగ్ 49.42 శాతంతో గెలిస్తే, యూన్ పార్టీ అభ్యర్థి కిమ్ మూన్ సూకు 41.15 శాతం వచ్చాయి. దేశం నిలువునా చీలే ఉంది.

చట్టబద్ధత నిలవడానికి ఆ చీలిక పోనక్కరలేదు. ఓడినవారికి మళ్లీ పోటీ చేసే హక్కు, గెలిచినవారికి అడ్డుచెప్పే హక్కు ఉంటే చాలు. ఆ ఆరు నెలలూ యూన్ అభిమానులు వేల సంఖ్యలో వీధుల్లో ర్యాలీలు తీశారు, నినాదాలిచ్చారు, తమ అభ్యర్థికి ఓట్లడిగారు. ఉత్తర్వు నెం. 1 నిలబడి ఉంటే ఆ ర్యాలీలు కూడా నేరమే అయ్యేవి. మార్షల్ లా ఓడిపోవడం వల్ల దాన్ని సమర్థించేవారికి సైతం గొంతు దక్కింది.